గువ్వ కొలతలు

ఆ వీధిలో పిల్లలకు గౌను కుట్టించాలంటే అందరూ నాయనమ్మ దగ్గరికే వస్తారు. ఆమెకు సొంత మనవరాళ్ళు ఇద్దరే. అయినా సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళద్దాలు పెట్టుకున్న రోజునుంచి వీధి వీధంతా కూడబలుక్కున్నట్టు ఆమెను నాయనమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పలకడమే మర్చిపోతుంది. అత్తయ్యా అని పిలిచే మనిషి మాత్రం ప్రపంచంలో ఒక్కతే ఉంది, కోడలు.

నాయనమ్మ కుట్టుకు వంక పెట్టినవాళ్ళు లేరు. వంక పెడదామని వచ్చినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు గౌను తిరగేసి, కుట్లు లాగి చూసి, చివరికి ఇంకో గౌనుకు గుడ్డ ఇచ్చి వెళ్ళారు. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది కానీ అది మర్యాదకే. పిల్ల గుమ్మం దాటి లోపలికి వచ్చేలోపే భుజం ఎంతో, నడుము ఎంతో ఆమె కంటికి తెలిసిపోతుంది. ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు. తెలియనట్టు నటించడం ఆమెకు చేతకాదు.

మనవరాళ్ళు కవలలు. రెండో ఏడు నడుస్తోంది. అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటారు. పేర్లు ఘనమైనవే పెట్టారు గానీ వాటిని పలికే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ దొరకలేదు. ముందు పుట్టింది పుట్టిన క్షణం నుంచీ ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరుస్తోంది కాబట్టి గోల అయింది. వెనకాల వచ్చింది అక్క అరుపులు వింటూ కళ్ళు మాత్రం తిప్పుతూ పడుకుంది కాబట్టి గువ్వ అయింది.

ఈ ఇద్దరి గౌన్లకూ నాయనమ్మ తీసేది ఒకే కొలత. మెడలోంచి టేపు లాగగానే గోల ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి చేతులు రెండూ పైకెత్తి నిలబడుతుంది. చంకల కింద టేపు తగిలితే దానికి చక్కిలిగింత. అది పకపకా నవ్వుతుంటే గువ్వ వెనకాల నిలబడి చూస్తుంది. గోలను కొలిచి, గుడ్డను రెండు మడతలు వేసి, ఒక్కసారే కత్తెర ఆడిస్తే రెండు గౌన్లు తయారు. సగం పని కలిసొస్తుంది.

"రెండోదాన్ని కూడా కొలవచ్చు కదత్తయ్యా?" అని కోడలు ఒకసారి అడిగింది.

"ఎందుకూ? ఒక్క కడుపులో ఒక్కసారే పెరిగారు. ఒళ్ళు రెండైనా మనిషి ఒకటే," అంది నాయనమ్మ.

ఈ సూత్రం గౌన్లతో ఆగిపోలేదు. ఒకతె దగ్గితే ఇద్దరికీ దగ్గు మందు. ఒకతెకు ఆకలేస్తే ఇద్దరి నోట్లోనూ ముద్ద. ఒకతె పడితే ఇద్దరి మోకాళ్ళకూ ఊదడం. కోడలు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేస్తుంది. పొద్దంతా ఏ ఉత్తరం ఏ వీధికో చూసి చూసి కళ్ళు వాచి ఇంటికొచ్చే మనిషికి, ఇంట్లో ఇంకొకరు అంత నిబ్బరంగా ఉంటే అదే పదివేలు. మొదట్లో దగ్గు మందు దగ్గర కాస్త వాదించింది. తర్వాత మానేసింది. ఇద్దరు చంటిపిల్లల్ని ఒకేసారి సాకి చూడనివాళ్ళు ఈ అత్తాకోడళ్ళను చూసి నవ్వకూడదు.

ఒక్కటి మాత్రం ఉంది. గువ్వ గౌను ఉతికేకొద్దీ వదులవుతూ వచ్చేది. ఈమధ్య గుడ్డలు మరీ నాసిరకం వస్తున్నాయని తిట్టుకుంటూ నాయనమ్మ వీపు దగ్గర పిన్నీసు పెట్టేది. అదే తానులోని గుడ్డ గోల ఒంటిమీద ఎందుకు సాగడం లేదని అడిగేవాళ్ళు లేరు.

ఆ వారం గువ్వకు జ్వరం పట్టుకుంది. ఇంతకుముందూ ఒకటి రెండుసార్లు వచ్చి పోయిందే. ఈసారి వచ్చింది పోలేదు. మందు పోస్తే దిగేది, మళ్ళీ పొద్దెక్కేసరికి ఒళ్ళు కాలిపోయేది. దగ్గు లేదు, ముక్కు కారడం లేదు. తిన్నదల్లా కక్కేసి, తల్లి భుజం మీద వాలిపోయి, పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసేది. కొడుకు లారీ వేసుకుని దూరం పోయి ఉన్నాడు. కోడలు పనికి సెలవు పెట్టింది. గోలను వదిలే చోటు లేక నలుగురూ కలిసే ఆసుపత్రికి బయలుదేరారు. నాయనమ్మ హడావిడిలో మెడలో టేపు తీయడం మర్చిపోయింది.

పిల్లల డాక్టరమ్మ వయసులో చిన్నదే. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని, అదే పెన్ను కోసం బల్లంతా వెతుకుతోంది. గోల వేలు చూపించి అరిస్తే గానీ దొరకలేదు. ఆ తర్వాత గువ్వను పడుకోబెట్టి, చెవుల్లో చూసి, గొంతు చూసి, గుండె విని, పొట్ట నొక్కింది. పొట్ట పక్కకు చెయ్యి పోగానే గువ్వ మూలిగింది.

"జలుబు లేదు, చెవులు బాగున్నాయి, గొంతూ బాగుంది," అంది డాక్టరమ్మ. "ఇంత చిన్నపిల్లలకి కారణం కనబడకుండా జ్వరం ఉంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడాలి. మంటగా ఉందని పాపం తను చెప్పలేదు కదా. రక్తం కూడా తీద్దాం."

రక్తం తీసేటప్పుడు కోడలే ఒళ్ళో పట్టుకుంది. గువ్వ ఏడ్చింది గానీ ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు మధ్యలోనే ఆపేసింది. దాని తరఫున గోల ఏడ్చింది, వరండా అంతా వినబడేట్టు. ఆపైన కోడలు మందుల దుకాణం ముందు వరసలో నిలబడడానికి వెళ్ళింది. నర్సమ్మ నాయనమ్మ చేతిలో మూతున్న చిన్న డబ్బా పెట్టింది. దాని మీద గువ్వ అసలు పేరు రాసి ఉంది.

"శుభ్రంగా కడిగి, మొదటి ధార వదిలేసి, తర్వాతది పట్టండి నాయనమ్మా. పాప పోయకపోతే నాకు చెప్పండి, సన్నటి గొట్టం పెట్టి తీస్తాం."

ఆమె కూడా నాయనమ్మా అనేసింది. గొట్టం అన్న మాట వినగానే నాయనమ్మకు ఒళ్ళు జలదరించింది. అంత పసిదానికి గొట్టమా? అయినా ఇంతమంది పిల్లల్ని చూసిన చేతులకు ఒక పిల్ల చేత ఒంటికి పోయించడం రాదా? ఇద్దరినీ తీసుకుని స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసింది.

గువ్వను కడిగి, గచ్చు మీద ఎత్తిపట్టుకుంది. "పొయ్యవే నా తల్లి, పొయ్యవే బంగారం," అని బతిమాలింది. నోటితో సుయ్యిమని శబ్దం చేసింది. కుళాయి తిప్పింది. గువ్వ ఒళ్ళు కర్రలా బిగుసుకుంది. ముఖం కందిపోయింది. ఒక బొట్టు, ఇంకో బొట్టు రాలాయి, అంతే. వెంటనే నాయనమ్మ మెడ కరుచుకుని ముక్కుతూ ఏడ్చింది. "మొండికేయకే అమ్మా," అంది నాయనమ్మ. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే. బయట ఎవరో తలుపు కొట్టారు. తల ప్రాణం తోకకొచ్చింది.

సరిగ్గా అప్పుడే కుళాయి చప్పుడు విన్న గోల, ఎవరూ అడక్కుండానే, నిలబడిన చోటే మొదలుపెట్టింది. నాయనమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ఆలోచించిందని చెప్పడం కూడా ఎక్కువే. చెయ్యి అలవాటు ప్రకారం పని చేసుకుపోయింది. గువ్వను చంకన వేసుకుని, గోలను ఎత్తి, చకచకా కడిగి, మొదటి ధార వదిలేసి, మిగతాది డబ్బాలో పట్టింది. దానిదైతేనేం, దీనిదైతేనేం? పసిదానికి గొట్టం తప్పింది.

డబ్బా మీది పేరు కంటబడినప్పుడు మాత్రం మనసులో దారం చిక్కుపడ్డట్టు ఒక చిన్న ముడి పడింది. మిషను మీద చిక్కు పడితే ఏం చేస్తుందో అదే చేసింది. తెంపేసి ముందుకు పోయింది.

మధ్యాహ్నానికి పరీక్షలు వచ్చాయి. డాక్టరమ్మ వాళ్ళను లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"రక్తంలో సీఆర్‌పీ అని ఒకటి, ప్రోకాల్సిటోనిన్ అని ఇంకోటి చూశాం. ఒంట్లోకి క్రిములు చొరబడితే ఇవి పెరుగుతాయి. పాపకి రెండూ బాగా పెరిగి ఉన్నాయి. మామూలు జలుబు జ్వరాలకి ఆ రెండోది ఇంతగా లేవదు. లోపల ఎక్కడో గట్టి ఇన్‌ఫెక్షనే ఉంది."

"ఎక్కడండీ?" అంది కోడలు.

"అది మాత్రం రక్తం చెప్పదమ్మా. ఇంట్లో దొంగ పడ్డాడని కేక వేస్తుంది గానీ ఏ గదిలో ఉన్నాడో చెప్పదు. ఇంత ఎక్కువుంటే ఈ వయసు ఆడపిల్లల్లో మేం ముందు కిడ్నీనే అనుమానిస్తాం. ఆ గదిలో చూడాలంటే మూత్రం చూడాలి. చూస్తే అది తేటగా ఉంది, అందులో ఏమీ లేదు." ఆమె నుదురు రుద్దుకుంది. "నాకు అక్కడే లెక్క కుదరడం లేదు. మూత్రం ఎవరు పట్టారు?"

"అత్తయ్య పట్టారు. ఆవిడ చేశారంటే ఇంక చూసుకోనక్కర్లేదండీ," అంది కోడలు.

"శుభ్రంగా కడిగే పట్టారా అమ్మా?"

"కడిగాను. మొదటి ధార వదిలేశాను. నర్సమ్మ ఎలా చెబితే అలాగే పట్టాను," అంది నాయనమ్మ.

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అయినా చెప్పాక డాక్టరమ్మ కళ్ళలోకి చూడలేకపోయింది.

డాక్టరమ్మ ఛాతీ ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించింది. అదీ బాగుంది. గువ్వ తల ఎత్తి వదిలితే తోటకూర కాడలా వాలిపోతోంది. "పిల్ల మగతగా ఉంది, ఆ సంఖ్యలు చూస్తే ఊరుకోడానికి లేదు," అంది డాక్టరమ్మ. "మెదడు చుట్టూ ఇన్‌ఫెక్షన్ లేదని తేల్చుకోవాలి. వీపులో సూది పెట్టి వెన్నులోంచి కాస్త నీరు తీస్తాం. తీసిన వెంటనే మందు మొదలుపెడతాం."

కోడలు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నొప్పిగా ఉంటుందా?"

"ఉంటుంది. ముడుచుకుని కదలకుండా పట్టుకోవాలి. తొందరగానే అయిపోతుంది."

కోడలు తలాడించింది. గువ్వ నెత్తిమీద పెదాలు ఆనించి అలాగే ఉండిపోయింది. ఆ వీపు ఎంతుంటుందో నాయనమ్మకు తెలుసు. తన అరచెయ్యంత ఉంటుంది. గోల చెయ్యి పట్టుకుని ముందుకు వచ్చింది.

"డాక్టరమ్మా, అది నీరసంగా ఉంది, తట్టుకోలేదు. ఇది గట్టిది. ఆ నీళ్ళేవో దీని వీపులోంచి తీయండి."

తలుపు దగ్గర నిలబడ్డ నర్సమ్మ పెదవి కొరుక్కుంది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"దీని వెన్నులో దాని జ్వరం ఉండదు కదమ్మా," అంది నెమ్మదిగా.

"కవలలండీ. ఒకటే రక్తం."

"పుట్టుక ఒకటే, నిజమే. కానీ పొద్దున దీని రక్తం తీసి చూసుంటే అంతా బాగుందని వచ్చేది. జబ్బు ఏ పిల్లకుంటే ఆ పిల్ల ఒంటినే అడగాలి. పక్కదాన్ని అడిగితే దాని సంగతే చెబుతుంది. అప్పుడు మనం బాగుందని నమ్మి తప్పుదారిన పోతాం."

నాయనమ్మ గోల చెయ్యి వదిలేసింది. అప్పుడు అర్థమైంది ఆమెకు, ఆ తేటగా ఉన్నది ఎవరిదో, దాన్ని చూసి డాక్టరమ్మ ఏ గది తలుపు మూసేసిందో. పొద్దున తెంపేసిన చిక్కు అక్కడే, అలాగే ఉంది.

చెప్పకుండా ఉండొచ్చు. ఎవరికి తెలుస్తుంది? గోలకు నాలుగు మాటలొచ్చు, ఆ నాలుగింట్లో ఈ సంగతి లేదు. గువ్వకు అవీ లేవు. పైగా కోడలు ఇప్పుడే, అందరి ముందూ, ఆవిడ చేశారంటే చూసుకోనక్కర్లేదంది. ఇన్నేళ్ళుగా నాయనమ్మకు ఆ ఇంట్లో ఉన్న ఆస్తి అదొక్కటే. నోరు తెరిస్తే అది పోతుంది. మళ్ళీ ఎప్పటికీ రాకపోవచ్చు. తెరవకపోతే ఆ అరచెయ్యంత వీపులో సూది దిగుతుంది, అసలు దొంగ ఉన్న గదిలో అలాగే ఉంటాడు.

నర్సమ్మ చక్రాల బల్ల తోసుకొచ్చింది. దాని మీద సూదులు, దూది, నీలం గుడ్డ ఉన్నాయి. గువ్వను తల్లి దగ్గర్నుంచి అందుకోబోయింది. గువ్వ ఏడవలేదు. తల్లి భుజం మీదనుంచి నాయనమ్మ కేసి చూసింది.

"ఆగండి," అంది నాయనమ్మ. "అది దాని ఉచ్చ కాదు."

"ఏంటత్తయ్యా?" అంది కోడలు.

"డబ్బాలో పోసింది గువ్వది కాదమ్మా. గోలది. ఇది ఎంతకీ పోయలేదు. ముక్కింది, ఏడ్చింది. అది పోసింది, పట్టేశాను. ఇద్దరిదీ ఒకటే అనుకున్నాను." మెడలో టేపును రెండు చేతులతో పట్టుకుని మెలిపెడుతోంది. "గొట్టం పెడతారని భయమేసింది. తప్పు చేశాను. దాన్ని గుచ్చకండి."

కోడలు ఆమె ముఖంలోకి చూసింది. ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

డాక్టరమ్మ అప్పటికే లేచింది. "సిస్టర్, ఈ బల్ల పక్కన పెట్టండి. చిన్న గొట్టం తీసుకురండి, ముందు మూత్రం తీద్దాం." అప్పుడు నాయనమ్మ వైపు తిరిగింది. "ఇప్పుడైనా చెప్పి మంచి పని చేశారు. పొద్దునే చెప్పుంటే ఇంకా మంచి పని చేసేవారు. మీరే కాళ్ళు పట్టుకోండి, మీ చెయ్యి తనకి అలవాటు."

ఏ గొట్టం తప్పించడానికి ఇంత చేసిందో, ఆ గొట్టం పెట్టేటప్పుడు గువ్వ కాళ్ళు నాయనమ్మే పట్టుకుంది. అది పట్టుమని ఒక నిమిషం పని కూడా కాదు. గొట్టంలోంచి వచ్చింది పొద్దుటి దానిలా లేదు. బియ్యం కడిగిన నీళ్ళలా మురికిగా ఉంది, వాసన కొట్టింది. కాసేపటికి కింద ల్యాబులోంచి ఫోన్ వచ్చింది. నిండా చీము కణాలే.

"దొరికాడు దొంగ," అంది డాక్టరమ్మ, ఒక్కసారి ఊపిరి వదిలి. "ఆ రెండు సంఖ్యలూ అంత ఎక్కువున్నాయంటే కిడ్నీ దాకా పోయి ఉంటాడు. ఏ క్రిమో తేలడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఈలోపు మందు రక్తంలోకే ఎక్కిద్దాం. వెన్ను జోలికి ఇప్పుడు పోను. మగత వదలకపోతే అప్పుడు ఆలోచిద్దాం."

గువ్వను వార్డులో చేర్చారు. కిటికీ పక్క మంచం. కోడలు మంచం మీద, నాయనమ్మ కుర్చీలో, గోల అందరి మీదా. కోడలు గ్లాసు అందించేది, దుప్పటి అందించేది. మాట మాత్రం అందించేది కాదు. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు పోట్లాడుకున్న రోజులున్నాయి, అలిగిన రోజులున్నాయి. ఇలాంటిది ఎప్పుడూ లేదు. నర్సమ్మ మందు తెచ్చిన ప్రతిసారీ కోడలు సీసా మీది పేరు చదివి, గువ్వ చేతికి కట్టిన పట్టీ మీది పేరు చదివి, అప్పుడు పక్కకు జరిగేది. ఆమె పని ఉత్తరాలు వేరుచేయడమే కదా. అది చూసినప్పుడల్లా నాయనమ్మ తల వంచుకునేది.

మర్నాటికి మగత వదిలింది. ఆ మర్నాడు పొద్దున గువ్వ లేచి కూర్చుని గోల చేతిలోని బిస్కెట్ లాక్కుంది. గోల ఏడుపు విని వార్డంతా ఉలిక్కిపడింది గానీ, ఆ మంచం దగ్గరున్న ఇద్దరు ఆడవాళ్ళకూ అంత తీయటి ఏడుపు ఎప్పుడూ వినలేదనిపించింది. అప్పుడే కొడుకు ఫోన్ చేశాడు. నాయనమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. ఇప్పుడు చెబుతుంది, చెప్పాలి కూడా, అనుకుంది.

"మూత్రంలో ఇన్‌ఫెక్షనంట," అంది కోడలు ఫోన్లో. "మొదటిసారి సరిగ్గా తెలియలేదు. మళ్ళీ చూస్తే తెలిసింది. అత్తయ్య ఇక్కడే ఉన్నారు. నువ్వు కంగారు పడి బండి తోలకు."

అంతే చెప్పి పెట్టేసింది. నాయనమ్మకు దుఃఖం ఆగలేదు. తిడుతుందని ఎదురుచూసిన మనిషి కాపు కాస్తే ఎలా తట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. కొంగున ముఖం దాచుకుంది.

"ఎందుకు చెప్పలేదత్తయ్యా, ఆ పొద్దునే?" అంది కోడలు. అదే మొదటి మాట.

"తప్పని తెలియలేదే అమ్మా." కొంగు దించి, "కొంచెం తెలిసింది. తెలిసినా చెప్పలేదు," అంది.

కోడలు గువ్వ పాదం నిమిరింది. "నాకు చాలా కోపంగా ఉంది. ఇంకా కొన్నాళ్ళు ఉంటుంది," అంది. "కానీ నేను మాత్రం చూశానా? గోల ఏడిస్తే ఇద్దరికీ పెట్టేదాన్ని. గోల ఆడుకుంటుంటే ఇద్దరూ బాగున్నారనుకునేదాన్ని. ఇది ఏడవదు కదా."

డాక్టరమ్మ వచ్చి రక్తం మళ్ళీ పరీక్షకు పంపింది. ఈసారి రెండు సంఖ్యలూ బాగా దిగాయి. కడుపు స్కాన్‌లో ఒక కిడ్నీ కాస్త వాచి ఉంది, ఆ వాపు తగ్గిపోవచ్చు, కొన్నాళ్ళాగి మళ్ళీ చూద్దామంది. ఇకమీద ఎప్పుడు జ్వరం వచ్చినా ఆ రోజే మూత్రం తెచ్చివ్వాలంది. "ఎవరిదో చూసుకుని," అని నవ్వింది. నాయనమ్మ కూడా నవ్వబోయింది, కుదరలేదు.

బరువు చూడడానికి గువ్వను తూకం మీద కూర్చోబెట్టారు. నన్నూ కూర్చోబెట్టమని గోల పేచీ పెట్టింది. సరే పాపం అని దాన్నీ కూర్చోబెట్టారు. డాక్టరమ్మ ముల్లు చూసింది, మళ్ళీ గువ్వను పెట్టి చూసింది.

"ఇది చాలా తక్కువుందే. ఈ నాలుగు రోజుల జ్వరానికే బరువు ఇంత తగ్గదు. ఎప్పటినుంచి తగ్గుతోంది?"

కోడలికి తెలియదు. అత్త వైపు చూసింది.

"చలి మొదలైనప్పటినుంచి," అంది నాయనమ్మ.

"అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు?"

"అప్పుడే వీపు దగ్గర మొదటి పిన్నీసు పెట్టాను. గుడ్డ సాగిందనుకున్నాను. తర్వాత రెండోది పెట్టాను." ఆమె తన చేతుల కేసి చూసుకుంది. వీధిలో పిల్లలందరి కొలతలూ తెలిసిన చేతులు. "నా చేతులకి తెలుసమ్మా. నేనే వినిపించుకోలేదు."

డాక్టరమ్మ ఆ సంగతి చీటీ మీద రాసుకుంది. ముందు వచ్చిపోయిన జ్వరాలు కూడా ఇవే అయి ఉండొచ్చని తర్వాత కోడలికి చెప్పింది. పట్టుకున్నాం కాబట్టి ఇక పుంజుకుంటుందని కూడా చెప్పింది.

ఇంటికి వచ్చిన వారానికి నాయనమ్మ కొత్త గుడ్డ తీసింది. పసుపు రంగు మీద చిన్న చిన్న తెల్ల చుక్కలు. బల్ల మీద పరిచి, అలవాటు కొద్దీ రెండు మడతలు వేసింది. వేసి, ఆగిపోయింది. మడత విప్పేసింది.

మెడలోంచి టేపు లాగగానే గోల పరుగెత్తుకొచ్చి చేతులెత్తింది. "నువ్వాగవే. నీదెప్పుడూ ఉండేదే," అంది నాయనమ్మ. గోలకు ఇది అన్యాయమనిపించి నోరు తెరిచేలోపే కోడలు దాన్ని ఎత్తుకుని, చంకల కింద తనే చక్కిలిగింత పెట్టింది. పోస్టాఫీసుకు వేళవుతున్నా కదల్లేదు, అక్కడే నిలబడి చూస్తోంది.

నాయనమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. "గువ్వా, రా నా తల్లి," అంది.

గువ్వ గోడ దగ్గర నిలబడి ఉంది, ఎప్పుడూ నిలబడే చోట. తననేనా అన్నట్టు ఒకసారి గోల కేసి చూసింది. తర్వాత నెమ్మదిగా నడిచొచ్చింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ నేర్పలేదు, నాయనమ్మ ముందు నిలబడి, అచ్చం గోల ఎత్తినట్టే చేతులు రెండూ పైకెత్తింది. ఇన్నాళ్ళూ వెనక నిలబడి నేర్చుకుందన్నమాట.

నాయనమ్మ భుజం కొలిచింది. ఛాతీ కొలిచింది. అంకెలు కళ్ళనీళ్ళలో అలుక్కుపోతే మళ్ళీ కొలిచింది. గోలకంటే రెండు వేళ్ళు తక్కువ. నడుము కొలిచి, పొడుగు కొలిచి, టేపు మెడలో వేసుకుంది.

"అయిపోయిందే తల్లీ," అంది.

గువ్వ చేతులు దించలేదు.